నూట ముప్పై ఎనిమిది పేర్లు

గురవమ్మ ఆ సబ్‌సెంటర్‌కు నర్సుగా వచ్చింది 1986లో. ములకలపల్లి దాటి అడవి మొదలయ్యే చోట రెండు గదుల పెంకుటిల్లు అది. లోపల ఒక బల్ల, ఒక బీరువా, బీరువాలో పిల్లల టీకాల రిజిస్టరు ఉన్నాయి. అంతకు మించి ఏమీ లేదు.

ఆమెది మణుగూరు. తండ్రి సారయ్య బొగ్గుబాయిలో పనిచేసేవాడు. వాళ్ల కాలనీలో పుట్టిన ప్రతి బిడ్డకూ వేళకు సూది పడేది. తల్లి పిల్లను చంకనేసుకొని నాలుగు వీధులు నడిస్తే చాలు, దవాఖానా వచ్చేసేది. అన్నిచోట్లా అంతేననుకుంటూ పెరిగింది గురవమ్మ.

రిజిస్టరులో ఏడాదిలోపు పిల్లలు అరవై ఒక్కరని రాసి ఉంది. అందులో యాభై ఏడుగురికి టీకాలు పడ్డాయి. నూటికి తొంభై మూడు అంటే ఎవరైనా మెచ్చుకునే లెక్కే. సర్కారు కూడా టీకా మందునూ, అది చెడిపోకుండా ఐసునూ, జీపుకు డీజిలునూ ఆ అరవై ఒక్కరి లెక్కనే మంజూరు చేసేది. అంత తక్కువమందికి రెండు నెలలకోసారి జీపు పంపితే సరిపోతుందని ఎవరో ఎప్పుడో తేల్చేశారు.

సరిపోదని గురవమ్మకు మొదటి చలికాలంలోనే తెలిసింది. జీపు వచ్చిన రోజు మధ్యాహ్నానికే మందు అయిపోయింది. అప్పుడు సక్రి అనే లంబాడా తల్లి వాగు దాటి ఆరు మైళ్లు నడిచి వచ్చింది. ఆమె చంకలో తొమ్మిది నెలల కూతురు రూప్లి ఉంది.

"మందు అయిపోయిందక్కా. మళ్లా జీపొచ్చినప్పుడు రా," అన్నది గురవమ్మ.

"ఎప్పుడొస్తది?"

"రెండు నెల్లకు."

సక్రి కాసేపు గడపలో కూర్చొని, పిల్లకు పాలిచ్చి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఆ రెండు నెలలు గడవకముందే సక్రి వాళ్ల తండాలో తట్టు లేచింది. కబురు తెలిసి గురవమ్మ పరుగున వెళ్లేసరికి రూప్లికి జ్వరం తగ్గింది కానీ ఎడమ కంట్లో పువ్వు వేసింది. ఆ కన్ను ఇక కనబడదని గురవమ్మకు చూడగానే అర్థమైంది. పిల్ల తల నిమురుతూ నిలబడింది.

"ఆ పొద్దు మా పిల్లకు మందెందుకు లేకపాయె?" అని అడిగింది సక్రి. గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలనే అడిగింది.

గురవమ్మ దాచలేదు. "మీ తండా నా రిజిస్టర్ల లేదక్కా. పేరున్న పిల్లల లెక్కకే మందొస్తది."

"మరి రాయి," అన్నది సక్రి.

రాయడం అనుకున్నంత తేలిక కాలేదు. తండా పెద్ద దేవ్లా నాయక్ ఆమెను ఇంటి ముందే ఆపేశాడు. "పేర్లు రాసుకొని ఏం జేస్తవమ్మా? ఎమర్జెన్సీల గిట్లనే రాసుకపోయిండ్రు. మల్లొచ్చి మా తమ్ముణ్ణి పిల్లలు పుట్టకుండ ఆపరేషన్‌కని జీపెక్కించుకపోయిండ్రు. ఇంకా పెండ్లి గూడ కాలే ఆనికి."

అది జరిగిన సంగతే. అప్పుడు సక్రి ముందుకొచ్చి, రూప్లిని ఎత్తి నాయక్ ముఖానికి దగ్గరగా పట్టుకొని, వాళ్ల భాషలో ఏదో చెప్పింది. గురవమ్మకు మాటలు అర్థం కాలేదు. నాయక్ ఆ పిల్ల కంటికేసి చాలాసేపు చూశాడు. తర్వాత లోపలికి వెళ్లి కోడలిని పిలుచుకొచ్చాడు. ఆమె చేతుల్లో పసివాడు ఉన్నాడు.

"రాసుకో. మా బద్యా కొడుకు, మంగీలాల్. ఐదు నెల్లు."

ఆ తర్వాత మూడు నెలలపాటు వారంలో నాలుగు రోజులు గురవమ్మ నడిచింది. కొత్త తండాకు పోయిన ప్రతిసారీ సక్రి తోడుండేది. అడవి నరికి పోడు సాగు చేసుకుంటూ కొత్తగా వెలిసిన తండాలు, చెట్ల చాటునున్న కోయ గూడేలు, మొత్తం పదకొండు తిరిగారు. పిల్ల ఎప్పుడు పుట్టిందంటే ఇప్పపువ్వు రాలేటప్పుడనీ, మక్కలు విరిచిన వారానికనీ చెప్పేవారు. గురవమ్మ వేళ్ల మీద నెలలు లెక్కేసి రాసుకునేది. రిజిస్టరులో ఉన్నవాళ్లతో కలిపి చివరికి తేలిన పిల్లలు నూట ముప్పై ఎనిమిది మంది.

ఆ జాబితా చూసి డాక్టరు రామ్‌చందర్ కుర్చీలో వెనక్కి వాలాడు. సబ్‌సెంటర్‌కు పైనున్న హెల్త్ సెంటరుకు ఆయనే పెద్ద.

"ఏంది సిస్టర్ ఇది? నూటికి తొంభై మూడు కాస్తా నలభై ఒకటయ్యింది. జిల్లాలో మనం ఫస్టు. ఇది పంపితే సెంటరు మొత్తం ఆఖరుకు పోతది. పాత లెక్కే ఉండనియ్యి, సూదులు మాత్రం అందరికీ వేద్దాం."

"మందు పాత లెక్కకే వస్తది గద సార్. అందరికీ ఏడికెల్లి తెస్తం?"

"నాకు మెమో వస్తది, తెలుసా? ఈ పేర్లు కొట్టెయ్."

గురవమ్మ పుస్తకం తెరిచింది. "ఎవరిని కొట్టెయ్యాల్నో మీరే చెప్పుండ్రి సార్. నేను సదువుత."

చదవడం మొదలుపెట్టింది. పేరు, తండ్రి పేరు, ఊరు, ఎన్నో నెల. డాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు. పందొమ్మిదో పేరు దగ్గర చెయ్యెత్తి ఆపాడు.

"చాలు. ఇటివ్వు." సంతకం పెట్టి పుస్తకం ఆమె వైపు నెట్టాడు. "ఖమ్మంలో అడిగితే జవాబు నువ్వే చెప్పాలె."

అడిగారు. జిల్లా మీటింగులో సెంటర్ల పేర్లు పైనుంచి కిందికి చదివారు. వాళ్లది అన్నిటికన్నా కింద ఉంది. పోయినేడు మొదటిది ఈ ఏడు ఆఖరుకెట్లా వచ్చింది, నిద్రపోతున్నారా అని పెద్దాఫీసరు గట్టిగానే అడిగాడు. డాక్టరు వెనక్కి తిరిగి చూశాడు. చివరి వరసలోంచి గురవమ్మ లేచి నిలబడింది.

"సూదులు తగ్గలేదు సార్. పిల్లలే ఎక్కువైండ్రు. ఎక్కువైంది గూడ కాదు, ఎప్పటిసంది ఉన్నోళ్లే. మనం రాసుకోలే."

ఎవరో నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. పుస్తకం తెప్పించుకొని పేజీలు తిప్పాడు.

"ఇంతమందికి నీకేం కావాలమ్మా?"

"ఈ లెక్కకు సరిపడ మందు, ఐసు. వారానికోసారి జీపు. కిరసనాయిలు మీద నడిచే ఫ్రిజ్ ఒకటి."

"చాలా ఖర్చుతో కూడిన పని ఇది."

"అవ్ సార్. కాలనీ పిల్లలకైనా, టౌన్ల పిల్లలకైనా పెడుతున్న ఖర్చే. వీళ్లకూ వచ్చేదే, పేర్లు లేకనే రాలే."

ఆయన ఏ మాటా ఇవ్వలేదు. ఫైలు రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఈ తండాలు రెవెన్యూ కాగితాల్లో లేవని ఒకసారి తిప్పి పంపారు. పదకొండు చోట్లా పెద్దల వేలిముద్రలు తెచ్చి కలిపితే, ఫారం మారిందని ఇంకోసారి పంపారు. గురవమ్మ మళ్లీ మొత్తం రాసింది. ఎనిమిది నెలల తర్వాత, ఎండలు ముదురుతుండగా మంజూరు ఆర్డరు వచ్చింది. అందులో పిల్లల సంఖ్య దగ్గర నూట ముప్పై ఎనిమిది అని టైపు చేసి ఉంది. ఆమె ఆ అంకె మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది.

వారం జీపు వచ్చిన మొదటి బుధవారం అరవై ముగ్గురికి సూదులు వేసింది. గాజు సిరంజీలు ఉడకబెట్టే స్టవ్వు సాయంత్రం దాకా ఆరలేదు. బొటనవేలు వాచిపోయింది. తల్లుల్ని వరసలో కూర్చోబెడుతూ, ఏడ్చే పిల్లల్ని ఆడిస్తూ సక్రి ఆ రోజంతా అన్నం మాటే ఎత్తలేదు.

మరుసటి ఏడు తట్టు మళ్లీ వచ్చింది. పదకొండు చోట్లా కలిపి నలుగురు పిల్లలకే తగిలింది. నలుగురూ కోలుకున్నారు. పక్క మండలం నుంచి రోజుకో చావు కబురు వస్తుంటే గురవమ్మ పొద్దున లేచింది మొదలు తండాల దారి పట్టేది. సాయంత్రం తిరిగొచ్చి చెప్పులు విడుస్తూ, ఇవ్వాళ కూడా ఎవరికీ ఏమీ కాలేదని తనకు తానే చెప్పుకునేది.

ఆ ఏటి జిల్లా జాబితాలో వాళ్ల సెంటరు మూడో స్థానంలో నిలిచింది. మీటింగు నుంచి బస్సులో తిరిగొస్తూ డాక్టరు రామ్‌చందర్, ముందు సీటులోంచి మెడ తిప్పి, "ఆ ఫస్టు కన్నా ఈ థర్డే పెద్దది సిస్టర్," అన్నాడు. గురవమ్మ కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఆమెకు రెండుసార్లు టౌనుకు బదిలీ అవకాశం వచ్చింది. రెండుసార్లూ వద్దని రాసిచ్చింది. దేశమంతా పోలియో చుక్కలు మొదలుపెట్టిన ఏడు ఖమ్మం నుంచి ఒక కుర్ర అధికారి వచ్చి, ఈ అడవిలో పిల్లలు ఎంతమంది ఉంటారు, ఒక అందాజా చెప్పమని అడిగాడు.

"అందాజా ఎందుకు సార్," అన్నది గురవమ్మ. "మూడేండ్ల లోపు నాలుగొందల ఇరవై ఆరు. నిన్న రాత్రి గూడెంల ఒకామె కన్నది, ఆ పిల్లతోని నాలుగొందల ఇరవై ఏడు."

అతను నోటుబుక్కులో ఆ అంకె వేసుకొని, దాని కింద గీత గీశాడు.