తుడిచేసిన సరిగమలు

మా చర్చి క్వయర్‌లో నాలుగు గొంతులతో పాడే పాత లాటిన్ పూజపాట ఒకటి ఉంది. ఏడాదికోసారి, ఈస్టర్‌కి పాడతాం. దాని అచ్చు పుస్తకం ఒక్కటే మిగిలింది, అదీ మాస్టారి దగ్గర. ఆయన పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్లుగా మాకు పాడించేది ఆయనే. మా చేతుల్లోని జిరాక్స్ కాగితాలు ఉప్పుగాలికి మెత్తబడి మడతల దగ్గర చిరిగిపోతుంటే, కొత్తవి తీయించమని పుస్తకం నాకిచ్చారు.

వన్ టౌన్‌లో జిరాక్స్ షాపు భాయ్ పేజీలు తిరగేసి, పెన్సిల్ రాతలు మసగ్గా పడతాయన్నాడు. అంతే అన్నాడు. తుడవమని అనలేదు, ఆ తెలివి నాదే. నాకు శుభ్రత పిచ్చి. ప్రతి స్వరం కిందా తెలుగులో స అనీ గ అనీ చిన్న చిన్న అక్షరాలు, గాలి పీల్చుకునే చోట్ల నిలువు గీతలు. ఎప్పుడో ఎవరో నేర్చుకుంటూ రాసుకున్నవి కాబోలు అనుకున్నాను. షాపు బల్ల మీదే కూర్చుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా రబ్బరుతో తుడిచేశాను. కాపీలు అద్దంలా వచ్చాయి. తెగ మురిసిపోయాను.

ఆదివారం పూజ అయ్యాక ప్రాక్టీసు. మాస్టారు పుస్తకం తెరిచారు. ఒక పేజీ తిప్పారు, ఇంకో పేజీ తిప్పారు, మళ్లీ మొదటికొచ్చారు. ఆయన చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని మేమంతా చూస్తున్నాం.

"కళ్లజోడు మర్సిపోనాను. ఇయాల నువ్వు పాడించీమ్మా," అన్నారు నాతో.

కళ్లజోడు ఆయన చొక్కా జేబులోనే ఉంది.

పెందుర్తి బస్సులో కూర్చున్నాక గానీ నాకు వెలగలేదు. ఆయనకి అచ్చులోని స్వరాలు చదవడం రాదు. ఎవరో పాడి వినిపిస్తే, నాలుగు గొంతులూ ఆయనే సరిగమల్లో రాసుకున్నారు. ముప్పై ఏళ్లలో ఈ సంగతి ఎవరికీ తెలియలేదు. అంత పెద్దమనిషి పరువు తీయడానికి నాకు ఒక రబ్బరు ముక్క సరిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. వెళ్లి క్షమించమని అడిగితే, మీ గుట్టు తెలిసిపోయిందని మొహం మీద చెప్పినట్టే. అడక్కుండా ఊరుకుంటే, ఈస్టర్‌కి ఇంకా మూడు వారాలుంది, ఎన్నిసార్లని కళ్లజోడు మర్చిపోతారు?

చివరికి బైండింగ్ ఊడుతోందని అబద్ధమాడి పుస్తకం తెచ్చుకున్నాను. కాన్వెంటులో పియానోతో పాటు నేర్చిన నోట్స్ చదువు అప్పటికి పనికొచ్చింది. నాలుగు సాయంత్రాలు కూర్చుని, ప్రతి స్వరం కిందా పెన్సిల్‌తో అక్షరం రాసి, ఏమీ ఎరగనట్టు ఆయన స్టాండు మీద పెట్టాను.

ఆయన పుస్తకం తెరిచారు. కళ్లజోడు జేబులోంచి తీసి పెట్టుకున్నారు. మూడో పేజీలో వేలు ఆపి నన్ను పిలిచారు.

"ఇక్కడ తప్పు రాసేవమ్మా. ని కాదు, ద."

అంటే రాసింది నేనని ఆయనకి తెలుసు. నాకు తెలిసిందని కూడా తెలుసు. తల దించుకుని పేజీ చూస్తే అచ్చులో ఉన్నది స్పష్టంగా ని. చదవడం వచ్చినదాన్ని నేను, తప్పు చెబుతున్నది ఆయన. ఇంటికెళ్లి ఫోన్లో వెతికితే, అదే పాట వేరే ముద్రణలో అక్కడ ద ఉంది, ఇంకోదాంట్లో మళ్లీ ని. ఏది ఒప్పో చెప్పగలిగే మనిషి ఈ ఊళ్లో ఎవరున్నారో నాకు తెలియదు.

ఈస్టర్‌కి మేమందరం ద పాడాం. ఆ చోట నా గొంతు కాస్త తడబడింది. పూజ అయ్యాక మాస్టారు పుస్తకం మూసి నా చేతిలో పెట్టారు. తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. నన్ను క్షమించారో, చీవాట్లు పెట్టారో, క్వయర్‌నే నాకు అప్పజెప్పారో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆయన అన్నది మాత్రం ఇంతే.

"నీకాడే ఉంచమ్మా. మరి తుడిసీకు."