అమ్మ చెప్పిన ప్లే డే

మా బొగ్గుబావుల ఊళ్లలో ఆదివారాన్ని ప్లే డే అంటారు. ఆడుకునేదేమీ ఉండదు, గనిలోకి ఎవరూ దిగరు, అంతే. పొద్దెక్కేదాకా నిద్రపోతారు, మధ్యాహ్నం మటన్ వండుకుంటారు. ఆ మాట వింటే అందరికీ కూర వాసన గుర్తొస్తుందేమో, నాకు ఫినాయిలు వాసన గుర్తొస్తుంది.

బాపు పనిచేసే చోట ఒకసారి గని పైకప్పు కూలింది. బాపు బయటికొచ్చాడు. ఆయనతో జోడీగా పనిచేసే పెద్దాయన, బాపు 'అన్న' అని పిలిచే మనిషి, రాలేదు. శవాన్ని తీశారు, దహనం చేశారు, దినాలూ అయిపోయాయి. బాపు ఆ దినాల భోజనం కూడా చేశాడు. కానీ గని షిఫ్టు సైరన్ మోగితే చాలు, లేచి వాకిట్లోకి ఉరికేవాడు.

"అన్న లోపల్నే ఉన్నడు. జల్ది పోవాలె. నా టోపీ ఏదే?"

చివరికి గోదావరిఖని శివార్లలో ఉన్న దవాఖానలో చేర్చాం. అందరూ దాన్ని పిచ్చి దవాఖాన అనేవాళ్లు. లోకులు కాకులని అమ్మ సర్దుకునేది. నాకు ఒళ్లు మండేది. బడిలో ఆ మాటన్న పిల్ల జడ పట్టి గుంజాను. ఇప్పుడన్నా గుంజుతాను.

సైరన్ అక్కడికీ వినపడేది. మేం అన్నం తీసుకెళ్లిన మొదటి రోజే మోగింది. బాపు మంచం దిగి తలుపు వైపు ఉరికాడు. వార్డు బాయ్‌లు ఇద్దరు పట్టుకున్నా ఆగలేదు. అప్పుడు అమ్మ, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అంది:

"యాడికి? ఇయ్యాల ప్లే డే గదా. గనిల ఒక్కలు లేరు. మీ అన్న సుత ఇంటికాడ పండుకున్నడు."

"మరి సైరనెందుకు మోగింది?"

"దానికి అలవాటు తప్పలే."

బాపు తలుపు నుంచి వెనక్కి తిరిగాడు. తర్వాత వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు.

ఇక మేం వెళ్లిన ప్రతిసారీ ప్లే డేనే. ఒకసారి బాపు నవ్వాడు కూడా. "గిన్ని ప్లే డేలేందే? గని గిట్ల మూసిండ్రా?" ఆయన అక్కడ నవ్వడం నేను చూసింది అదొక్కసారే, నాకు ఏడుపు ఆగలేదు. గని మూస్తారంటే బజారంతా గుండెలు బాదుకునే ఊళ్లో, అది మూతపడాలని మా అమ్మ ఒక్కతే మొక్కుకుంది.

గని మూతపడలేదు. బాపు ఆ మంచం మీదే జ్వరంతో పోయాడు. ఆయన ఉద్యోగం నా తమ్ముడికి ఇచ్చారు. అమ్మ వద్దనలేదు, ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. తమ్ముడు డ్యూటీ నుంచి ఇల్లు చేరేదాకా మాత్రం ఈ రోజుకీ ఆమె ముద్ద ముట్టదు.

ఓపెన్‌కాస్ట్ గని నేలను పైనుంచే తవ్వుకుంటూ దగ్గరికి రావడంతో ఆ దవాఖానను ఎప్పుడో ఖాళీ చేశారు. ఇక కూల్చేస్తారని తెలిసి, చూస్తానని అమ్మ పట్టుబడితే ఈ మధ్య తీసుకెళ్లాను. తలుపులు లేవు. కిటికీల చువ్వలు ఎవరో కోసుకుపోయారు. గదుల్లో మేకలు పడుకున్నాయి. బాపు మంచం ఉండే మూల, గోడ మీద తల ఆనిన చోట పాత నూనె మరక ఉంది. అది ఆయనదేనంది అమ్మ. ఎంతమంది తలలు ఆని ఉంటాయో, నేను వాదించలేదు.

అంతలో సైరన్ మోగింది.

అమ్మ ఆ మరక మీద అరచెయ్యి పెట్టింది. "లేవకు, పండుకో. ఇయ్యాల ప్లే డే. గనిల ఒక్కలు లేరు."

ఆ రోజు మంగళవారం. తమ్ముడు గనిలోనే ఉన్నాడు.