రొట్టె తిప్పే రోబోకు బొట్టు

నేడు మల్లట్‌లోని మా బడిలో విజ్ఞాన ప్రదర్శన. కొత్త సాధనం ఏదైనా పనికి దిగే ముందు దానికి నమస్కరించి బొట్టు పెట్టడం మన ఆచారం. పనిముట్టులోనూ దైవాన్ని చూడమని దాని అర్థం.

మా మనుమరాలు గౌరి, పెనం మీద జొన్నరొట్టె కాలడం చూసి తిప్పే రోబో చేతిని తయారుచేసింది. ఈ రోజు ఎంపికైతే రాయచూరు పోటీకి వెళ్తుంది. పరీక్షకుడు రాకముందే నేను శ్లోకం చదివి, టెంకాయ కొట్టి, ఆ యంత్రానికి నిండుగా కుంకుమ దిద్దాను.

పరీక్షకుడు వచ్చాక గౌరి పెనం మీద రొట్టె వేసింది. రోబో కదలలేదు. రొట్టె మాడి గదంతా పొగ కమ్మింది. ఆయన పక్క బల్ల వైపు తిరిగాడు. కన్నీళ్లు ఆపుకుంటూ గౌరి యంత్రం మీదికి వంగి చూసింది.

“ఏంది తాతా, గిట్ల జేసినవ్? బొట్టు దాని కెమెరా మీద పెట్టినవ్!”

“గుండ్రంగ, నున్నగ ఉంటే అదే నొసలనుకున్ననమ్మా.”

“అది కన్ను తాతా! ఇంగ దానికి రొట్టె యాడ కనబడ్తది?”

పరీక్షకుడు పకపకా నవ్వి, “ఇంకో రొట్టె ఎయ్యమ్మా, చూస్తం” అన్నాడు. గౌరి చున్నీతో కుంకుమ తుడిచింది. ఈసారి రొట్టె పొంగీ పొంగకముందే రోబో దానిని ఒడుపుగా తిప్పింది. గౌరి ఎంపికైంది!

శాస్త్రాలు కొంత చదివాను గాని, రోబోకు నొసలు ఎక్కడుంటుందో ఏ గ్రంథంలోనూ చూడలేదు. తెలిసినవారు దయచేసి కింద వ్యాఖ్యలలో తెలుపగలరు. రాయచూరులోనూ పూజ చేయవలసి ఉంది.

ఇకపై యంత్రాలు నిర్మించబోయే పిల్లలందరికీ సూక్ష్మబుద్ధి, దీర్ఘాయువు, ఇటువంటి తాతలను మన్నించే మనస్సు కలుగుగాక!