మామూలుగా లేవు

స్కేలాయన ఇల్లెక్కడంటే ఆ వీధిలో ఎవరైనా చూపిస్తారు. వంతెన స్తంభానికి అంకెలు వేసిన ఇనుప పలక ఒకటి ఉంది. ఏటి నీళ్లు ఏ అంకె దగ్గరున్నాయో రోజుకు మూడుసార్లు చూసి ఆఫీసుకు ఫోన్లో చెప్పడం ఆయన ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా అదే పని. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా గొడుగేసుకుని వెళ్లేవాడు. ఆ ఏటినే కట్టుకోవాల్సిందని పెళ్లాం దెప్పేది.

పలక పన్నెండో అంకెతో అయిపోతుంది. అంతకు మించి నీళ్లు రావని ఏనాటివో లెక్కలు చూసి వేశారు. ఇప్పుడు వానల తీరే మారిపోయింది. మూడు నెలల వాన మూడు రోజుల్లో కుమ్మరిస్తోంది, ఆ తర్వాత చినుక్కి మొహం వాచిపోవాల్సిందే. నిరుడు నీళ్లు పదకొండు దాటగానే పలక పొడిగించండని మూడు ఉత్తరాలు రాశాడు. చూస్తామన్నారు. చూస్తూనే ఉన్నారు మహానుభావులు.

ఈ ఏడు రెండు నెలలు ఎండగొట్టి, ఒక్కసారిగా పైన ఎక్కడో వాన పడింది. పొద్దున వెళ్లేసరికి పలక మొత్తం మునిగిపోయింది. దిగువన ఆనకట్ట, ఆనకట్ట కింద అక్క ఇల్లు. వెంటనే ఆఫీసుకు ఫోన్ చేశాడు. అంకె చెప్పవయ్యా అన్నాడు గుమాస్తా.

"అంకె లేదు సార్. నీళ్లు మామూలుగా లేవు."

లైను గరగరలాడి తెగిపోయింది. మామూలుగా లేవంటే మన ఇళ్లలో ఎవరికైనా అర్థమవుతుంది, విపరీతంగా ఉన్నాయని. ఆ పెద్దమనిషి మాత్రం "మామూలు స్థాయిలో నీళ్లు లేవు" అని రాసి పైకి పంపాడు. అసలే కరువు భయం. ఉన్న చుక్కైనా పోనివ్వకూడదని ఆనకట్ట గేట్లు దించే ఉంచారు. మధ్యాహ్నానికి నీళ్లు కట్ట మీదికి వచ్చాయి. అప్పుడు గేట్లన్నీ ఒక్కసారే ఎత్తారు, కింద ఒక్కరికీ చెప్పకుండా. అక్క మేడ మీదికి ఎక్కగలిగింది. మంచం పట్టిన తన తల్లిని మోసుకొస్తానని లోపలికి వెళ్లిన బావ మళ్లీ బయటికి రాలేదు.

విచారణలో ముగ్గురు అధికారులు కూర్చుని, తప్పు స్కేలాయనదేనని తేల్చారు. స్పష్టంగా చెప్పలేదట. మిగతాదంతా ప్రకృతి వైపరీత్యమట. సిగ్గు లేకపోతే సరి.

ఆ తీర్పు కాగితం పట్టుకుని, అక్క తలదాచుకున్న బడికి వెళ్లాడు. గుమాస్తా ఏం రాశాడో, తానేం చెప్పాడో పూసగుచ్చినట్టు చెప్పాడు.

"అదంతా సరేరా. ఆఫీసుకు చేశాక నాకెందుకు ఫోన్ చేయలేదు?"

"ఆఫీసు వాళ్లు చూసుకుంటారనుకున్నానక్కా."

"పొద్దున మీ బావ, వాళ్లమ్మను తీసుకుని మెరకకు పోదామన్నాడు. నీళ్లొస్తే మా తమ్ముడు చెప్తాడులే అని నేనే ఆపాను."