తుంగగడ్డ మీది ఉప్పు

పొద్దున్నుంచి నా చేతులను తుంగగడ్డ వాసన వదలడం లేదు. సబ్బుతో రెండుసార్లు కడిగాను. కర్పూరాన్ని బురదలో నూరినట్టుండే ఆ వాసన గోళ్ల కింద అలాగే ఉంది. వాకిట్లో ముగ్గురు రైతులు నా మాట కోసం కూర్చున్నారు. మిరపనారు ముదిరిపోతోంది. మా చేలను ఆనుకుని ఉన్న చౌటిమడుగులోకి నది నీళ్లు మళ్లీ ఎగదన్నుతాయో లేదో నేను చెప్పాలి. నిజానికి ఆ పని నాది కాదు, పోసక్కది.

పోసక్క మా పొరుగు. జీవితమంతా కూలికి పోయి చివరికి ఒక ఎకరం కొనుక్కున్న మనిషి. ఆ మడుగులో వానాకాలం తుంగ లేస్తుంది, చలికాలం పొన్నగంటి పాకుతుంది, ఎండలు ముదిరితే ఏదీ మిగలదు, నేలంతా ఉప్పు పూస్తుంది. ఆమె ఆ వరుసనే చూసేది. "తుంగ మీదికి పెరుగుతున్నదంటే నీళ్లు ఇంకా ఉన్నట్టు తమ్మీ. బలం గడ్డకు దిగిందంటే ఇగ నది వెనక్కి మళ్లినట్టు" అనేది. నాట్లకు ముందు మడుగు నడిమికి దిగి ఒక గడ్డ పెరికి, కొరికి చూసేది. తెల్లగా నీరు కారితే ఆగాలి. నల్లబడి ఘాటుగా ఉంటే మర్నాడే మా వరుస చేలన్నిటిలో నాట్లు.

ఒక ఏడు ఆమెకు జ్వరం వచ్చి నన్ను పంపింది. నడుము లోతు నీళ్లలోకి దిగాను. తుంగ నడుమ మొసలి కళ్లు రెండు నన్నే చూస్తున్నాయి. అయినా వెనక్కి తగ్గకుండా గడ్డ పెరికి తెచ్చాను. ఈ కథ ముందు పోసక్కకు చెప్పాను, తర్వాత అహేరి పోయే బస్సులో ఎందరికి చెప్పానో లెక్కలేదు.

మొసలి లేదు. నా మోకాళ్లు కూడా తడవలేదు. పాము ఉంటుందని భయపడి గట్టు మీది తుంగను పెరికి ఇచ్చాను. పొడినేల గడ్డ ముందే ముదురుతుందని నాకు తెలుసు. తెలిసీ ఇచ్చాను.

మంచంలోనే ఆమె దాన్ని కొరికి, "మంచిగ ముదిరింది. పెట్టుండ్రి" అంది. సగం గడ్డను కిటికీలో పెట్టింది. తొమ్మిదో రోజు నీళ్లు ఎగదన్నాయి. నారంతా కుళ్లిపోయింది. నాకు పింఛను ఉంది, గడిచిపోయింది. పోసక్క ఆ వయసులో మళ్లీ పరాయి చేలల్లో మిరపకాయలు ఏరడానికి పోయింది.

ఒకరోజు పిలిచి కిటికీ చూపించింది.

"మడుగు మన్ను ఎండితే ఏమైతది తమ్మీ?"

"ఉప్పు పూస్తది."

"మరి దీనికేది?"

గడ్డకు అంటిన మన్ను ఉత్త పొడిగా రాలుతోంది.

"మొసలి నాకిందేమో ఉప్పంత" అంది. నవ్వలేదు. "ఇగ ఏటా నువ్వే దిగాలె. నా మోకాళ్లు పోయినయ్" అంది.

దిగాను. ఆమె బతికున్నన్నాళ్లూ కిటికీలో గడ్డ పెట్టించి, ఉప్పు పూసేదాకా నన్ను చాయ్ తాగనివ్వలేదని చెబుతుంటాను. అది కూడా అబద్ధమే. చాయ్ ముందే ఇచ్చేది. ఉప్పు పూసేదాకా నేనే ముట్టేవాణ్ణి కాదు.

ఇప్పుడు ఆమె లేదు. కొన్నేళ్లుగా నీళ్లు వాటి వేళకు పోవడం లేదు. పొన్నగంటి పాకాల్సిన చోట తుంగ ఇంకా నిలువునా పచ్చగా ఉంది. ఈ పొద్దు పెరికిన గడ్డ పైన నలుపు, లోపల పాలతెలుపు. అలాంటిది ఆమె దగ్గర ఎప్పుడూ చూడలేదు.

"ఏమంటవు తాతా, పెట్టాల్నా?" అన్నాడు వాకిట్లో ఒకడు.

గొప్పగా ఏదో చెప్పబోయి ఆగాను. "దిగి చూసిన. నాకు సమజ్ కాలే. నాలుగు రోజులాగి మళ్ల దిగుత."

"అప్పటికి నారు పోతే?"

"పోతదేమో."

వాళ్లు లేచి వెళ్లారు. పెడతారో ఆగుతారో తెలియదు. గడ్డను మన్నుతోనే కిటికీలో పెట్టాను. సాయంత్రానికి అంచున సన్నగా తెల్లబడింది. నది సంగతి అది చెప్పదు. నేను దిగానని మాత్రం చెబుతుంది.