ఆయ్ అన్న లాంతరు

2007లో రాజోలు బస్టాండు దగ్గర నాకో నెట్ సెంటర్ ఉండేది. సాయంత్రమైతే కుర్రాళ్ళు కార్ల పందేలు, తుపాకీ ఆటలతో నా చెవులకు చిల్లులు పొడిచేవారు. పొద్దుటిపూట మాత్రం గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళ ఇంటివాళ్ళు వచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని మాట్లాడుకునేవారు.

సూర్యకుమారిగారు అలా వచ్చేవారే. భర్త మస్కట్‌లో తాపీమేస్త్రి. ఆ మధ్యే ఆయన తల్లి పోయారు. సెలవు దొరక్క ఆయన కర్మకైనా రాలేకపోయారు. అప్పటినుంచి చాట్‌లోకి వచ్చి ఊరికే కూర్చుని, ఒక్క మాటా లేకుండా వెళ్ళిపోతున్నారు.

"వచ్చేరండీ మీ బావగారు. పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది కదండీ, నోరే విప్పట్లేదు. ఏం చేసుకుంటారోనని భయంగా ఉంది తమ్ముడుగారూ. ఒక్కసారి 'ఆయ్' అన్నా చాలండీ!"

మా కోనసీమలో 'ఆయ్' అంటే ఔననే కాదు, వింటున్నాను, ఇక్కడే ఉన్నాను అని కూడా.

మాటలతో పనిలేని ఆట ఒకటి గుర్తొచ్చింది. తెరమీద చీకట్లో ఏరు. ఈ ఒడ్డున ఒకరు, ఆ ఒడ్డున ఒకరు. స్పేస్‌బార్, అంటే కీబోర్డు అడుగున ఉండే పొడుగు మీట, నొక్కితే చేతిలో లాంతరు పైకి లేస్తుంది. రెండు లాంతర్లూ ఒకేసారి లేచి ఉంటే ఏరు సన్నబడుతుంది. అంతే. పాయింట్లు లేవు, గెలుపూ లేదు. "దీనికంటే మా నాయనమ్మ అష్టాచెమ్మా నయం" అని కుర్రాళ్ళు వెక్కిరిస్తే నేనూ వంత పాడేవాణ్ణి.

ఏ మీట నొక్కాలో రాసి, ఆయనకు లింకు పంపాను. ఆవిడ మీట నొక్కి పట్టుకున్నారు. ఈ ఒడ్డున లాంతరు లేచింది. అవతల చీకటే.

"ల్యాగ్ అయ్యుంటుందండీ" అన్నాను. ఇక్కడ నొక్కింది అక్కడికి చేరడానికి పట్టే ఆలస్యాన్ని అలా అంటాం. నాకే నమ్మకం లేదు.

"చెయ్యి తీసెయ్యమంటారా?"

"మీ ఇష్టమండీ."

"అయితే ఉంచుతానండీ."

అవతల లాంతరు లేచి, దిగింది.

"ఆయ్ అంటున్నారండీ!" అని అరిచినంత పని చేశారు.

ఇక మైకులో చెప్పడం మొదలుపెట్టారు. "పెద్దకర్మ మీ తమ్ముడు బాగా చేసేడండీ." లాంతరు లేచి దిగింది. "ఊరంతా వచ్చేరండీ." మళ్ళీ లేచి దిగింది. "అత్తయ్యగారికి మీమీద కోపం లేదండీ."

ఈసారి లేచిన లాంతరు దిగలేదు. ఏరు సన్నబడి సన్నబడి పిల్లకాలువంత అయింది. అన్నేళ్ళూ అన్ని ఆటలు చూసినవాణ్ణి, నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

హెడ్‌ఫోన్లోంచి బొంగురు గొంతు నాకూ వినిపించింది. "అమ్మ నన్ను అడిగిందా కుమారీ?"

అంతసేపూ గలగలా మాట్లాడిన సూర్యకుమారిగారు మైకు నోటి దగ్గరికి లాక్కున్నారు. మీటమీంచి వేలు మాత్రం తీయలేదు.

"ఆయ్" అన్నారు.

ఎన్ని మీటలు నొక్కిస్తే అంత గొప్ప ఆట అనుకునేవాణ్ణి. ఒక్కటి చాలునని ఆ పూట తెలిసింది.