నార్మల్ అని రాసిన రిపోర్టు

ఉద్యోగంలో చివరి మూడేళ్లూ నేను కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేశాను. అంతకుముందంతా కర్నూలే. హోదా సీనియర్ ఎకో టెక్నీషియన్. గుండెకు స్కానింగు తీసి, కొలతలు వేసి, రిపోర్టు రాసేది నేను. కింద సంతకం పెట్టేది కార్డియాలజిస్టు. ఆ చీకటి గది, మిషను సన్నని హోరు, ఎంత కడిగినా చేతిని వదలని స్కానింగు జెల్లీ జిగురు నాకు ఇప్పటికీ ఇష్టమే. ఇంట్లో ఊరికే కూర్చున్నప్పుడు చెయ్యి దానంతటదే మిషను మీటల కోసం వెతుకుతుంది.

నెలకో శనివారం కీళ్లవాతం స్పెషలిస్టు ఒకాయన వచ్చేవారు. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బులు ఆయన చూసేవారు. లూపస్, చర్మం బిగుసుకుపోయే స్క్లీరోడెర్మా వంటివన్నమాట. ఈ జబ్బులున్నవాళ్లలో కొందరికి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. అందుకని ఏడాదికోసారి ఎకో తీయించేవారు. వీళ్లకు చల్లగాలి తగిలితే వేళ్లు తెల్లబడి, తర్వాత నీలం తిరుగుతాయి. ఆ శనివారాల్లో నేను ఏసీ ఆపేసి, జెల్లీ సీసాను వేడినీళ్ల గిన్నెలో పెట్టేదాన్ని. కడప ఎండల్లో ఏసీ ఆపే మనిషిని నేనొక్కదాన్నేనని మా కార్డియాలజిస్టు చెమట తుడుచుకుంటూ వేళాకోళం చేసేవారు.

కడపలో నా రెండో ఏడు, ఎండాకాలం మొదట్లో షమీమ్ వచ్చింది. ఊరు కమలాపురం. జాకెట్లు కుట్టేది. ముప్పై దాటలేదు, స్క్లీరోడెర్మా వచ్చి అప్పటికి నాలుగేళ్లు. నిరుడు ఆమెకు ఎకో తీసింది నేనే. ఈసారి ఆమె చేతిలో గైనకాలజిస్టు రాసిన చీటీ ఉంది. బిడ్డను కనాలనుకుంటోంది, గుండె ఎలా ఉందో తెలపండి అని అందులో ఉంది.

వేడినీళ్లు పట్టుకుని వస్తూ నేను ఆమెను మెట్ల మలుపులో చూశాను. ఆ రోజు లిఫ్టు పనిచేయడం లేదు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, గోడ మీద పోస్టరు చదువుతున్నట్టు నిలబడి ఉంది. ఆ పోస్టరంతా ఇంగ్లీషే. ఆమె చదివింది తెలుగులో ఐదో తరగతి. భుజాలు మాత్రం ఎగసిపడుతున్నాయి. చాలాసేపటికి లోపలికొచ్చి, నన్ను చూసి నవ్వింది. ఆయాసం వస్తోందా అని అడిగాను.

"ఆయాసమా? ఏం ల్యాదక్కా, శానా బాగుండా," అంది.

ఫైలు తెరిచి నిరుటి రిపోర్టు చూశాను. ఊపిరితిత్తుల ఒత్తిడి: నార్మల్. నా రాతే.

ఆ ఒత్తిడిని మేం నేరుగా కొలవం. గుండెకు కుడివైపున్న కవాటం దగ్గర చాలామందికి కొద్దిగా రక్తం వెనక్కి కారుతుంది. ఆ ధార వేగాన్ని మిషనులో రక్తం పరుగును కొలిచే డాప్లర్‌తో పట్టుకుంటే ఒత్తిడి లెక్కకొస్తుంది. కొందరిలో ధార ఎంత వెతికినా దొరకదు. దొరకలేదంటే ఒత్తిడి తెలియలేదనే అర్థం, ఒత్తిడి లేదని కాదు. పాఠం చెప్పమంటే ఈ మాట నేనే చెప్పేదాన్ని. కానీ బయట నలభై మంది కూర్చుని ఉన్న రోజుల్లో ధార కనపడకపోతే నార్మల్ అని రాసి తర్వాతివాళ్లను పిలవడం మాకందరికీ అలవాటైపోయింది. నిరుటి కొలతల కాగితంలో ధార వేగం రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. నాకు సిగ్గూ వేసింది, భయమూ వేసింది.

ఆ రోజు బయట ఎంతమంది ఉన్నారో చూడలేదు. పక్కకు తిప్పి, వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట పైభాగం నుంచి కూడా వెతికాను. గుండెలో కుడి గది ఉండాల్సినదానికంటే పెద్దదిగా ఉంది. ధార మాత్రం మసకగానే ఉంది. కార్డియాలజిస్టును పిలిచాను. ఆయన మోచేతి నరంలోకి బాగా కుదిపిన సెలైన్ కొద్దిగా ఎక్కించారు. అందులోని బుడగల వల్ల ధార అంచు తేటపడుతుంది. తేటపడింది. వేగం ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ, అంటే ఒత్తిడీ అంతే. అలాంటి గుండెతో గర్భం మోయడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

షమీమ్ మా ఇద్దరి మొహాలూ చూసింది. డాక్టరుగారు బయటికి వెళ్లగానే నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్లు చెక్కలా గట్టిగా ఉన్నాయి.

"నార్మల్ అని రాసీక్కా. పోయినేడు రాసిస్తివి గదా. పెండ్లయి ఆరేండ్లాయ. ఈ కాయితం కోసరమే వచ్చినా."

రాయలేనని చెప్పాను. పోయినేడు నేను రాసింది తప్పని కూడా చెప్పాను. ఆమె చెయ్యి తీసేసింది.

"ఆ మాట అప్పుడే చెప్పింటే నేను ఇంత ఆశ పెట్టుకుంటాంటినా?"

జెల్లీ తుడుచుకోమని గుడ్డ ఇచ్చాను.

డాక్టరుగారి గదికి వెళ్లి నిరుటి రిపోర్టు ఆయన ముందు పెట్టాను. సంతకం తనదే కాబట్టి తప్పు తనదీ అని ఆయన అన్నారు. షమీమ్‌ను పెద్ద ఊరి ఆసుపత్రికి పంపారు. అక్కడ కుడి గుండెలోకి సన్నని గొట్టం పంపి ఒత్తిడిని నేరుగా కొలిచారు. మా లెక్క సరిపోయింది. మందులు మొదలుపెట్టారు. నేను రిటైరయ్యేలోగా ఆమె ఇంకోసారి ఎకోకు వచ్చింది. మెట్లెక్కితే ఆగాల్సి వస్తోందని అడక్కుండానే చెప్పింది. నాతో మరో మాట మాట్లాడలేదు.

ఆ శనివారం తర్వాత ధార దొరకనప్పుడల్లా రిపోర్టులో 'ఒత్తిడి కొలవడం కుదరలేదు' అని రాశాను. ఇలా రాస్తే పేషెంటుకు ఏం చెప్పాలని కొందరు డాక్టర్లు విసుక్కున్నారు. కుదరలేదనే చెప్పమన్నాను. కొత్తగా చేరినవాళ్లకు కూడా అదే నేర్పాను. చూడనిదాన్ని బాగుందని రాసే హక్కు మాకు లేదు. ఆ ఒక్క మాటను నమ్ముకుని ఒక మనిషి ఏడాదంతా బిడ్డకు పేరు వెతుక్కుంటూ ఉండవచ్చు.